రంగు పోని గుర్రం

ఆ రోజుల్లో నాకు రెండే రెండు నమ్మకాలుండేవి. లోకంలో ఏ రంగుకైనా మా అంగట్లో జోడీ దొరుకుతుందన్నది ఒకటి. ఎదుటివాడు మొదట చెప్పే ధర అబద్ధమన్నది రెండోది. ఈ రెండింటినీ పట్టుకుని జీవితమంతా దర్జాగా గడిపేయవచ్చనుకునేదాన్ని. రెండో నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు (మొన్న డాక్టరు నా బీపీ ఎంతో చెబితే, అలవాటు కొద్దీ "కొంచెం చూసి చెప్పండి సార్" అన్నాను). మొదటిదాన్ని మాత్రం ఒక గుర్రం నమిలి మింగేసింది. ఆ ముచ్చట ఇది.

మద్రాసు సౌకార్‌పేటలో మా నాయనది మ్యాచింగ్ జాకెట్టు గుడ్డల అంగడి. అంగడి అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. కాస్త ఒళ్ళున్న ఆడవాళ్ళు ఇద్దరు ఒకేసారి లోపలికొస్తే నాయన గల్లాపెట్టె వెనక గోడకి అంటుకుపోవలసిందే. కానీ నేల నుంచి కప్పు దాకా మూడు గోడల నిండా గుడ్డ తానులే, రంగులే. బడికి పోకముందే నాకు రంగుల పేర్లు వచ్చు. ఇటుక, ఎండుమిరప, కాఫీపొడి, డికాషన్ (ఈ రెండూ ఒకటేనని మాత్రం అనకండి, మా ఇంట్లో ఆ మాటకి కొట్లాటలు జరిగాయి), వంకాయ, ముదురు వంకాయ, మామిడాకు, అరిటాకు, ఏనుగు. చీర సంచీలోంచి పూర్తిగా బయటికి రాకముందే దాని జాకెట్టు గుడ్డ తీసి బల్ల మీద పరిచేదాన్ని. వీధిలో అందరూ నన్ను 'కలర్ పాప' అనేవాళ్ళు. డిగ్రీ పూర్తయ్యాక కూడా ఆ పాప అట్లాగే ఉండిపోయింది, ఆ పొగరు కూడా.

మా వంశంలో సరుకు కొనే ముందు రెండు పరీక్షలు పెట్టడం ఆచారం. మొదటిది వెలుగు పరీక్ష. ట్యూబులైటు కింద ఏ రంగునీ నమ్మకూడదు, గుమ్మం దాటి ఎండలోకి తెచ్చి చూడాలి. రెండోది తడి పరీక్ష. తెల్ల చేతిగుడ్డ తడిపి, సరుకు మీద ఒక మూల గట్టిగా రుద్ది, చేతిగుడ్డ చూసుకోవాలి. దానికేమన్నా అంటితే ఆ హోల్‌సేల్ వాడి మొహం మళ్ళీ చూడకూడదు. ఇదంతా మేము కొనేటప్పటి సంగతి. అమ్మేటప్పుడు వేరు. "రంగు పోదు కదా?" అని ఏ ఇల్లాలన్నా అడిగితే, ఆమె చేతిగుడ్డ తీసేలోపే నాయన "రంగు పోదమ్మా, గ్యారంటీ" అనేసి ఫ్యాను స్పీడు పెంచేవాడు. మాట పూర్తయ్యేసరికి ఆమె చేతిలో పొట్లం ఉండేది.

ఇట్లాంటి ఇంట్లో మా అక్క ఎట్లా పుట్టిందో తెలియదు. బేరం ఆడటం రాదు. ఆటోవాడు ఎంత అడిగితే అంత ఇచ్చి పైన థాంక్స్ చెప్పేది. షోళింగనల్లూరులో ఒక ఐటీ ఆఫీసులో పని. ఆ ఆఫీసు క్యాబులోనే బావ పరిచయం. బావది గుంటూరు పక్క. మంచివాడే, కానీ వాళ్ళ పెద్దలకి మేమంటే కొంచెం చిన్నచూపు. పెళ్ళిచూపులకొచ్చిన బావ పెదనాన్న, మా అమ్మ "ఈడ కూర్చోండి, ఆడ గాలి రాదు" అన్నదానికి నవ్వి, "మీరు మాట్లాడేది తెలుగేనా అండీ?" అన్నాడు. మా అమ్మ ఆ తర్వాత ఆయనకి కాఫీలో చక్కెర వేయలేదు. సంబంధం అటా ఇటా అని ఊగుతుంటే, బావ వాళ్ళ నాయనమ్మ ఒక్కతే గట్టిగా నిలబడింది. మేమందరం మామ్మగారూ అనేవాళ్ళం. "పిల్ల నాకు నచ్చింది. నా మనవడు దీన్నే చేసుకుంటాడు" అని తేల్చేసింది. ఒకే ఒక్క కోరిక కోరింది. ఎదుర్కోలుకి మనవడు తెల్ల గుర్రం మీద రావాలి.

"గుర్రం అచ్చంగా తెల్లదే అయ్యుండాలమ్మా," అన్నది మామ్మగారు అక్కతో. "ఇంకో మాట. దారిలో గుర్రాన్ని మార్చకూడదు. బయల్దేరింది ఏదో, గుమ్మం ముందుకొచ్చి నిలబడేదీ అదే కావాలి."

గుర్రాన్ని మధ్యలో ఎవరు మారుస్తారో మాకు అర్థం కాలేదు. పెద్దావిడ, ఏదో పట్టింపు అనుకున్నాం. అక్క మాత్రం మామ్మగారి చేయి పట్టుకుని, "మా చెల్లెలుంది కదా మామ్మగారూ, రంగు విషయంలో దాన్ని మించినవాళ్ళు లేరు. నేను మాటిస్తున్నా" అన్నది. ఆ రాత్రి పడుకునేముందు నాతో, "మే, ఆ ఇంట్లో నేనిచ్చిన మొదటి మాట ఇది. ఆమె తప్ప నా పక్కన ఎవరూ లేరు ఆడ. చెడగొట్టబాక" అన్నది. నేను తలగడ సర్దుకుంటూ "గుర్రమే కదా, నాలుగు కాళ్ళ జాకెట్టు గుడ్డ" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మా ఇల్లు చింతాద్రిపేటలో. కూవం ఏటి ఒడ్డున రేకుల కొట్టంలో సాయిబు ఒకాయన పెళ్ళి గుర్రాలు పెట్టుకుని ఉండేవాడు. అందరూ గుర్రాల బాయి అనేవాళ్ళు. మా చిన్నాయన స్కూటరు మీద నన్ను ఆడకి తీసుకుపోయాడు. చిన్నాయనకి బేరంలో ఒక్కటే పాత్ర. నేను ధర చెప్పి ఆగగానే, "రామ్మా పోదాం" అని వెనక్కి తిరిగి నడవాలి. ఆ నడక ఎంత బాగా నడిచేవాడంటే, అవతలివాడు పిలవకపోతే ఆయనకే ఏడుపొచ్చేది.

గుర్రాల బాయి మంచం మీద కూర్చుని అత్తరు పూసుకుంటున్నాడు. గడ్డానికి గోరింటాకు. (ఇటుకకీ దానిమ్మ తొక్కకీ మధ్య అని చూడగానే మనసులో వేసుకున్నాను.)

"రామ్మా రా. పెండ్లి గుర్రమా? నా కాడ లేని రంగు మద్రాసులోనే లేదు" అన్నాడు.

తెల్లది కావాలని వెంటనే చెబితే ధర పెరుగుతుంది. అందుకని పక్కనున్న రెండు ఎర్ర గుర్రాల దగ్గర ఆగాను. "ఈ రెండూ ఒకటే సరుకు కదా?"

"ఒకటేనా!" బాయి లేచి నిలబడ్డాడు. "ఇది కుమ్మైతు, అది సురంగు. కుమ్మైతుకి ఒళ్ళు ఎరుపు, జూలు, తోక, కాళ్ళు నలుపు. సురంగు తల కాడ్నించి తోక దాకా ఒకటే ఎరుపు. కండ్లు పెట్టి చూడమ్మా."

చూశాను. నిజమే. "సరి, అయితే ఒకటి కాంట్రాస్టు బార్డరు, ఒకటి సెల్ఫ్ బార్డరు. బాడీ రెండింటికీ ఒకటే. సెల్ఫ్ అయితే ఎంత తగ్గిస్తావు?"

బాయి నావైపు చూసి, చిన్నాయనవైపు చూసి, "ఏం సారూ, ఈ పాప గుర్రం కోసం వచ్చిందా, లంగా వోణీ కోసం వచ్చిందా?" అన్నాడు. చిన్నాయన తన వంతు వచ్చిందనుకుని "రామ్మా పోదాం" అని నడవబోయాడు. చొక్కా పట్టుకుని ఆపాను.

అప్పుడు కొట్టం చివర నుంచి తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. ఎంత బాగుందో చెప్పలేను. మల్లెపూవు కూడా పక్కన పెడితే కొంచెం పసుపు కొట్టేది. నా గుండె ఝల్లుమన్నది. కానీ మొహం మీద ఏమీ పడనివ్వకుండా, నాసిరకం పాప్లిన్ చూసినట్టు పెదవి విరిచాను. "ఏం రకం?"

"సబ్జా" అన్నాడు.

నాకు తెలిసిన సబ్జా రోజ్‌మిల్క్‌లో నానే గింజలు ఒక్కటే. "తెల్లది అడిగితే సబ్జా అంటావేంది?"

"చూసేదానికి తెలుపే మా. జాతి పేరు సబ్జా. పుట్టుక తెలుపు అయితే దాన్ని నుఖ్రా అంటారు. దాని తోలు కూడా రోజా రంగుంటది. అది ఈ ఊర్లో ఎవురి కాడా లేదు."

మా వీధిలో పెరిగినవాళ్ళకి ఈ మాటల అర్థం వేరు. 'చూసేదానికి సిల్కే, పేరు మాత్రం వేరే' అని ఎవడైనా అంటే అది సిల్కు కాదన్నమాట. "అంటే నుఖ్రా ఫస్టు క్వాలిటీ, ఇది సెకండ్సు. అంతే కదా?"

"సెకండ్సా!" బాయి గడ్డం వణికింది. "నా చాందినీని సెకండ్సు అంటావా?"

ఇక తడి పరీక్ష తప్పదనిపించింది. చాందినీ నీళ్ళు తాగే బకెట్టులో నా చేతిగుడ్డ ముంచి, బాయి ఏం చేస్తున్నావనేలోపు, దాని మెడ మీద నాలుగుసార్లు గట్టిగా రుద్దాను. అది చెవులు వెనక్కి వాల్చి నన్ను ఒక చూపు చూసింది. (బల్ల మీద మొత్తం సరుకు దింపించి ఏమీ కొనకుండా పోయే కస్టమరుని మా నాయన చూసే చూపు.) చేతిగుడ్డ తీసి చూస్తే బూడిద రంగు. అది పక్కన పెట్టండి, నేను రుద్దిన చోట మెడ మీద పలకంత మేర నల్లగా బయటపడింది. అచ్చంగా ఏనుగు రంగు.

"చిన్నాయనా! రంగు పోతా ఉంది!" అని అరిచాను. ఆ అరుపు వీధి చివర టీ కొట్టు దాకా వినిపించిందని తర్వాత తెలిసింది.

"రంగేంది మా? అది దాని తోలు! ఐయో, అది పుట్టినప్పుడు నల్లగానే ఉంటది. వయసు పైబడే కొద్దీ ఏటేటా తెల్లబడతది. సబ్జా అంటే అదే!" అంటూ బాయి లోపలికి పరుగెత్తి ఒక ఫొటో తెచ్చాడు. అందులో బాయి, ఆయన పక్కన బొగ్గు లాంటి నల్ల గుర్రప్పిల్ల. "ఇదో చూడు, ఇది ఎవురనుకున్నావు? చాందినీనే! చిన్నపిల్ల అప్పుడు!"

ఆయన తన నిజాయితీకి సాక్ష్యం తెచ్చానని అనుకున్నాడు. నాకది నేరం ఒప్పుకోవడంలా కనిపించింది. "చూశావా చిన్నాయనా, ఒరిజినల్ నలుపంట! ఫొటో కూడా పెట్టుకున్నాడు! నల్ల సరుక్కి తెల్ల రంగేసి పెండ్లిండ్లకి తోలతా ఉండాడు!"

"ఏయ్ పాపా, మాట జాగ్రత్త. నా గుర్రానికి నేను రంగేస్తానా?"

"గడ్డానికి వేసుకున్నోడివి గుర్రానికి వేయవా?"

కుమ్మైతు ఒకటి ముక్కు చీదింది. చిన్నాయన చాలా మెల్లగా "రామ్మా పోదాం" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. బాయి వెనక్కి పిలవలేదు.

ఇంటికొచ్చి, మోసం కనిపెట్టిన కథ రాత్రి భోజనాల దగ్గర అభినయించి చూపించాను. నాయన మురిసిపోయి నాకు ఇంకో ముద్ద నెయ్యి వేయించాడు. అసలు చిక్కు మరుసటి రోజు మొదలైంది. పెళ్ళిళ్ళ కాలం. సౌకార్‌పేటలో మార్వాడీల పెళ్ళిళ్ళన్నీ ఒకేసారి వచ్చాయి. బ్యాండుమేళం వాళ్ళు, గుర్రబ్బండ్ల వాళ్ళు, బీచిలో సవారీ తిప్పేవాళ్ళు, ఎవరిని అడిగినా తెల్లవన్నీ అయిపోయాయన్నారు. ఒకచోట మాత్రం, తడిపినా రుద్దినా ఏమీ కాని నికార్సైన ఎర్ర గుర్రం దొరికింది. చందనం రంగు జూలు. పెళ్ళికొడుకు షేర్వానీకి అద్భుతమైన మ్యాచింగ్.

"ఎర్రదా?" అన్నది అక్క.

"ఎరుపంటే ఎరుపు కాదు మే. ఎండలో చూస్తే బంగారం మాదిరి కొడుతుంది. రంగు గ్యారంటీ. పట్టు షేర్వానీకి తెలుపు అసలు నప్పదు, ఇది ఎత్తి చూపిస్తుంది. మామ్మగారికి నేను చెప్తా కదా."

"ఆమెకి నువ్వు జాకెట్టు గుడ్డ అమ్మడం లేదు మే," అన్నది అక్క. గొంతు పెంచలేదు. అటు తిరిగి పడుకుంది. అక్కతో నాకు వంద పోట్లాటలు జరిగుంటాయి. అది మాట్లాడకుండా అటు తిరిగి పడుకోవడం మాత్రం అదే మొదటిసారి. ఆ పెళ్ళిలో మా వైపు నుంచి వాళ్ళు అడిగింది ఒక్కటే. అదీ నా చేతిలో పెట్టారు. దాన్ని నేను ఎండలో చూసి, తడిపి, రుద్ది, పాడుచేశాను.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే అంగడికి పోతూ కూవం గోడ పక్కగా నడుస్తున్నాను. బాయి కొట్టం బయట గుర్రాలకి స్నానం చేయిస్తున్నాడు. నన్ను చూడకూడదని ఒక లారీ వెనక నిలబడ్డాను. నిలబడి తొంగి చూడకుండా ఉండగలనా? గొట్టంతో నీళ్ళు కొడుతుంటే ఒక గుర్రం పలక రంగులో మెరుస్తోంది. ఇట్లాంటిది బాయి దగ్గర లేదే అనుకున్నాను. ఆ గుర్రం చెవులు వెనక్కి వాల్చి లారీ వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చాందినీ! సబ్బు నురగ తెల్లగా, కింద కాలవలో పోయే నీళ్ళు మామూలు నీళ్ళు. రంగు లేదు, చుక్క లేదు. నేను అక్కడే నిలబడిపోయాను. ఎండ పైకొచ్చింది. వీపు మీద ఒక చోట తెల్లబడింది. తర్వాత మెడ. నా కళ్ళముందే, ఎవరూ ఏమీ పూయకుండా, ఆ పలక రంగు గుర్రం మల్లెపూవైపోయింది.

అప్పుడు తల మీద మొట్టికాయ వేసినట్టు అర్థమైంది. పల్చని తెల్ల మల్లు చీర కట్టుకుని ముదురు రంగు లంగా వేసుకున్న ఆడమనిషి వానలో తడిస్తే ఏమవుతుంది? లోపలి రంగు బయటికి కొడుతుంది. చీర ఆరితే మళ్ళీ తెలుపే. ఆ ముక్క చెప్పి ఎంతమందికి నేను తెల్ల లంగాలు అమ్మలేదు! పైన తెల్ల వెంట్రుక, లోపల నల్ల తోలు. లైనింగు వేరే రంగు, అంతే. కలర్ పాపకి ఇది తట్టలేదు.

లారీ వెనక నుంచి బయటికొచ్చాను. బాయి నన్ను చూసి గొట్టం కింద పెట్టాడు.

"ఏమ్మా, పెయింటు గుర్రం కావాల్నా?"

"కావాలి" అన్నాను. నా బేరాల చరిత్రలో అవతలివాడు ధర చెప్పకముందే కావాలన్నది ఆ ఒక్కసారే. చిన్నాయన కూడా లేడు, వెనక్కి నడవడానికి.

బాయి మంచం మీద కూర్చుని, అత్తరు సీసా తీసి, తీరిగ్గా మూత తిప్పాడు. నేనారోజు అరిచిన అరుపు టీ కొట్టు నుంచి బ్యాండుమేళం వాళ్ళ దాకా పోయిందట. 'బాయి గుర్రానికి రంగు' అని ఊరంతా పాకింది. ఈ సీజనంతా చాందినీని ఎవరూ పిలవలేదట. అందుకే మా ముహూర్తానికి ఖాళీగా ఉంది. "దుడ్డు నువ్వు ఇచ్చేది ఇయ్యి. నాకు అది కాదు కావాల్సింది. దాని పేరు నీ నోటితో పోయింది, నీ నోటితోనే రావాల. నీ పెండ్లిలో ఎవురైనా గుర్రానికి రంగేసినారా అని అడిగితే, పది మందిలో నువ్వే చెప్పాల. గ్యారంటీ నువ్వే ఇయ్యాల."

"సరి" అన్నాను. వెళ్ళిపోబోతూ ఆగాను. "పైన వేసే వెల్వెట్టు గుడ్డ ఫ్రీ కదా?"

బాయి చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత, ఏడవలేక నవ్వినట్టు నవ్వి, "తీసుకుపో" అన్నాడు.

ఎదుర్కోలు సాయంత్రం ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. వినాయకుడి గుడి మూల నుంచి కళ్యాణమండపం దాకా ఊరేగింపు. ముందు బ్యాండు, తర్వాత బావ వైపు కుర్రవాళ్ళ డాన్సు, తర్వాత చాందినీ మీద బావ. పగ్గం పట్టుకుని బాయి. మండపం గుమ్మం పక్కన మామ్మగారు కుర్చీలో కూర్చుని, వీధి చివర మీదే చూపు పెట్టి ఉంది. పైన మేడ గది కిటికీలో అక్క. తెల్ల గుర్రం మలుపు తిరగగానే అక్క నన్ను చూసి నవ్వింది. ఆ రాత్రి అటు తిరిగి పడుకున్నాక ఇదే మొదటి నవ్వు. నేను కొంచెం ఎక్కువే పొంగిపోయాను.

అప్పుడే మా చిన్నాయన తన ఏర్పాటు బయటికి తీశాడు. పన్నీరు బుడ్డితో చల్లడం పాతకాలం పద్ధతి అని, అంగట్లో ఇస్త్రీకి వాడే స్ప్రే పంపు తెచ్చి, దాని నిండా పన్నీరు పోసుకొచ్చాడు. పెళ్ళికొడుక్కి ఒకసారి కొట్టాడు, ముచ్చటగానే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినగానే ఆయనకి ఊపొచ్చింది. బ్యాండు తాళానికి సరిగ్గా, ఈ పక్కా ఆ పక్కా, మెడకీ వీపుకీ, ధారాళంగా కొట్టేశాడు. నేను "చిన్నాయనా, వద్దు!" అని జనంలోంచి దూరేసరికి, చాందినీ మెడ మీదా పక్కల మీదా ఏనుగు రంగు మరకలు దేశాల పటంలాగా తేలుతున్నాయి.

బ్యాండు ఆగిపోయింది. బావ పెదనాన్న ముందుకొచ్చి, కళ్ళజోడు సవరించుకుని, "ఇదేంటండీ! గుర్రం రంగు వెలిసిపోతోంది!" అన్నాడు. "తెల్ల గుర్రం అడిగితే సున్నం కొట్టించి తెచ్చారా? అంగళ్ళవాళ్ళతో సంబంధమంటే ఇట్లాగే ఉంటుందని నేను ముందే చెప్పాను."

బాయి పగ్గం వదల్లేదు. నావైపు తిరిగి కనుబొమలు ఎత్తాడు. ఇచ్చిన మాట అడుగుతున్నాడు. పైన కిటికీలో అక్క మొహం పాలిపోయింది.

గొంతు సవరించుకుని, వీధంతా వినేలా, "రంగు పోదండీ! గ్యారంటీ!" అన్నాను.

జనం గొల్లుమన్నారు. మా వైపువాళ్ళు కూడా! వాళ్ళలో సగం మందికి ఆ మాట చెప్పి మేమే గుడ్డలమ్మాం. నాయన గాల్లో ఎక్కడో ఫ్యాను కోసం వెతుకుతున్నట్టు చూశాడు.

నేను ఊరుకోలేదు. బావ చేతిలోని తెల్ల చేతిగుడ్డ లాక్కుని, తడిసిన చోట బలంగా రుద్ది, ఎత్తి అందరికీ చూపించాను. పొద్దున్నే స్నానం చేసిన గుర్రం. గుడ్డ తెల్లగానే ఉంది.

"మరి ఆ నలుపు ఎక్కడిదమ్మా?" అన్నాడు పెదనాన్న.

"తడిసింది కదండీ. చీర తెలుపు, లోపల లంగా నలుపు. తడిస్తే లంగా కనిపిస్తుంది కదా, అట్లా!"

బావ వైపు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెదనాన్న ఎర్రబడి (కుమ్మైతు ఎరుపు), "ఈ గుర్రాన్ని పక్కకి తీయండయ్యా! అబ్బాయి కార్లో వస్తాడు" అన్నాడు. ఎవరో కారు కోసం పరుగెత్తారు. బావ ఒక కాలు రికాబులోంచి తీశాడు కూడా.

"ఆగండర్రా."

మామ్మగారు కుర్చీలోంచి లేచింది. ఒక మనవరాలి భుజం పట్టుకుని, మెల్లగా నడిచి చాందినీ దగ్గరికొచ్చింది. తడిసిన మెడ మీద చేయి వేసి, చేతిని చూసుకుంది. మళ్ళీ వేసింది. "దీన్ని ఎండ వైపు తిప్పండి. ఎవరూ తుడవొద్దు. ఎవరూ కదపొద్దు" అన్నది.

పెదనాన్న "అమ్మా, ముహూర్తం..." అన్నాడు.

"నోరు మూసుకో."

బాయి గుర్రాన్ని తిప్పాడు. ఏం చేయాలో తెలియక బ్యాండువాళ్ళు మెల్లగా ఏదో వాయిస్తున్నారు. పడమటి ఎండ చాందినీ పక్కల మీద పడింది. వేడిగాలి. మరకల అంచులు ముందు లేతబడ్డాయి, తర్వాత లోపలికి కుంచించుకుపోయాయి. దేశాలు ద్వీపాలయ్యాయి, ద్వీపాలు చుక్కలయ్యాయి. ఆఖరి చుక్క మెడ మీద ఆరిపోయేదాకా మామ్మగారు రెప్ప వేయలేదు.

"ఒకటే గుర్రమన్నమాట," అన్నది.

నాకేమీ అర్థం కాలేదు. మామ్మగారు నా చేయి పట్టుకుంది. "మా పెళ్ళినాడు వాన కురిసిందే అమ్మాయ్. మీ తాతగారు గుర్రమెక్కి వస్తుంటే కిటికీలోంచి చూశాను. నల్లటి గుర్రం. తర్వాత నన్ను బయటికి తీసుకొచ్చేసరికి ఎండ కాసింది, గుమ్మం ముందు తెల్ల గుర్రం కట్టేసి ఉంది. ఆ రాత్రి ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట, నల్ల గుర్రాన్ని ఏం చేశారు అని. రెండోది లేదు, ఒకటే గుర్రమన్నాడు. నేను నమ్మలేదు. పెళ్ళినాడే అబద్ధమాడతాడా మనిషి అనుకున్నా. అప్పట్నుంచి ఆయన ఏం చెప్పినా, 'పోండి, మీరు రెండు గుర్రాల మనిషి' అనేదాన్ని. బస్సు తప్పిపోయిందన్నా అదే మాట, పొలంలో కాపు రాలేదన్నా అదే మాట. నవ్వి ఊరుకునేవాడు. పోయే ముందు కూడా, 'ఒకటే గుర్రమే పిచ్చిదానా' అన్నాడు." చాందినీ మెడ నిమిరింది. "వానలో తడిసిందని చెబితే ఏం పోయేది ఆ మనిషికి!"

"ఆయనకీ తెలిసుండదు మామ్మగారూ," అన్నాను. "గుర్రం మీద కూర్చున్నవాడికి గుర్రం కనపడదు కదా."

మామ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, నోరంతా తెరిచి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. తర్వాత మేడ మీది కిటికీ వైపు చేయి ఊపి, "అమ్మాయ్! చూశావుగా, ఒకటే గుర్రం! నీకు చెప్పేది అదే. ముందే చూసుకో, తర్వాత నా మనవణ్ణి సాధించొద్దు!" అని కేక పెట్టింది. బ్యాండు మళ్ళీ అందుకుంది. అక్క కిటికీలో ఏడుస్తోందో నవ్వుతోందో కింది నుంచి తెలియలేదు.

నా చెవి దగ్గర బాయి గుసగుసలాడాడు. "ఎండలో నిలబెట్టినందుకు ఎక్స్‌ట్రా టైం అయింది మా."

"పది మందిలో గ్యారంటీ ఇచ్చాను. దానికెంత తగ్గిస్తావో ముందు చెప్పు" అన్నాను.

ఇప్పుడు అంగడి నాది. నాయన గల్లాపెట్టె పక్కన కూర్చుని పేపరు చదువుతాడు. ఎవరైనా చేతిగుడ్డ తీసి "రంగు పోదు కదా?" అని అడిగితే నేను ఫ్యాను జోలికి పోను. చెంబుతో నీళ్ళిస్తాను. "తడిపి చూసుకోండి. తొందరపడబాకండి, ఆరనిచ్చి కూడా చూడండి" అంటాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు, నాయన ఇంకా వింతగా చూస్తాడు. కానీ కొంటారు.

మొన్న వెలుగు పరీక్ష కోసం ఒక తాను గుమ్మంలోకి తెచ్చి, ఎదురు అంగడి అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. పాపిట పక్కన, చెవుల దగ్గర, తెలుపు బాగానే పరుచుకుంది. పుట్టినప్పుడు నలుపు, ఏటేటా కొంచెం తెలుపు. బాయి లెక్క ప్రకారం నేనిప్పుడు సబ్జా రకం. అదే మాట మా ఆయనతో అంటే, పాపం, ఓదార్చే ఉద్దేశంతోనే, "రంగేసుకుంటే పోయె, నీకు మ్యాచింగ్ దొరక్కపోతుందా?" అన్నాడు.

"గుర్రాలకైతే తెల్లబడేకొద్దీ ధర పెరుగుతుంది," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, బేరం మా ఇంట్లోనే నేర్చుకున్న మనిషి కదా, "రామ్మా పోదాం" అంటూ వెనక్కి తిరిగి నడిచాడు. పిలుస్తానేమోనని గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు కూడా. నేను పిలవలేదు. అద్దంలో తెల్ల వెంట్రుక ఒకటి చెవి వెనక్కి సర్దుకుని, చేతిలోని తానుని ఎండలోకి పట్టుకుని, తడి చేతిగుడ్డ కోసం వెతుక్కున్నాను.